ఉప్పును వెలుగుతో తూచే గొట్టం

మంచినీటి వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే కొలత, 1.3330. కిలోకు 35 గ్రాముల లవణాలున్న సముద్రపు నీటిది 1.3394. మూడో దశాంశ స్థానంలో గానీ బయటపడని ఈ తేడాను పట్టుకుంటే చాలు, నీళ్లు నోట్లో పోసుకోకుండానే ఉప్పెంతో చెప్పొచ్చు. ఇంట్లో పగడాల అక్వేరియం పెట్టినవాళ్లూ, భీమవరం వైపు రొయ్యల రైతులూ కంటికి ఆనించి చూసే జానెడు గొట్టం చేసే పని అదే. దాని పేరు రిఫ్రాక్టోమీటర్.

అది పుట్టింది సముద్రం కోసం కాదు. జర్మనీలోని యెనాలో కార్ల్ జైస్ సూక్ష్మదర్శినుల కర్మాగారంతో కలిసి పనిచేసిన ఎర్నెస్ట్ ఆబేకు, గాజులూ ద్రవాలూ వెలుగును ఎంత వంచుతాయో కచ్చితంగా తెలియాల్సి వచ్చింది. అప్పటి పద్ధతిలో బోలు పట్టకం నిండా ద్రవం పోసి, కిరణం వంగిన కోణం కొలిచి, లెక్క కట్టాలి. ఆబే రెండు గాజు పట్టకాల మధ్య చుక్క ద్రవం ఉంచాడు. గాజులోంచి ద్రవంలోకి పోబోయే కిరణం మరీ ఏటవాలుగా వస్తే లోపలికి వెళ్లదు, మొత్తంగా వెనక్కి తిరుగుతుంది. ఆ హద్దే సందిగ్ధ కోణం. ద్రవాన్ని బట్టి అది మారుతుంది. అందువల్ల కంటికి కనిపించే వృత్తం వెలుగు భాగం, చీకటి భాగంగా చీలుతుంది. గీత ఎక్కడ పడిందో చూస్తే గుణకం తెలిసిపోతుంది. 1874లో ఆబే ఈ పరికరాన్ని వివరిస్తూ చిన్న పుస్తకం అచ్చువేశాడు.

తర్వాత దానికి కొలువులు చాలా దొరికాయి. చెరకు రసంలో తీపి, ద్రాక్షలో పక్వం దానితో చూశారు. వెన్నలో కల్తీ పట్టడానికి జైస్ ప్రత్యేకంగా ఒక రకం చేసింది. మన దేశంలో నేతి పరీక్షలో 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర తీసే ‘బి.ఆర్. (బ్యూటిరో రిఫ్రాక్టోమీటర్) రీడింగ్’ ఆ వంశానిదే. అయితే ఆ ఒక్క అంకెతో నెయ్యి స్వచ్ఛమైనదని ఏ రసాయన పరీక్షకుడూ తేల్చడు. వెలుగు ఎంత వంగిందో తెలుస్తుంది, ఏ పదార్థం వంచిందో తెలియదు. అందుకే ఆవిరయ్యే కొవ్వు ఆమ్లాలను కొలిచే ఆర్.ఎం. విలువ వంటి పరీక్షలు తోడు కావాలి.

పగడాల తొట్టిలోనూ ఇదే కథ. రోజూ ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. తగ్గిన మేర ఉప్పులేని ఆర్.ఓ. నీరు పోసి, లవణీయతను 35 దగ్గర నిలపాలి. ఇక్కడ ఒక చిక్కుంది. కొన్ని రిఫ్రాక్టోమీటర్ల స్కేలు వంటఉప్పు ద్రావణానికి గీసింది. సముద్రపు నీటిలో మెగ్నీషియం, సల్ఫేటు వంటివి కలవడంతో వెలుగు ఇంకాస్త వంగుతుంది. అసలు 35 ఉన్న నీరు ఆ స్కేలు మీద సుమారు 36.5 చూపిస్తుంది. స్వేదన జలంతో సున్నా సరిచేసినా ఈ తప్పు పోదు. 35 విలువ గల ప్రమాణ ద్రావణంతో సరిచూడాలి.

ఒక్క అంకెతో సముద్రాన్ని చెప్పగలగడానికి కారణం రసాయన శాస్త్రవేత్త విలియం డిట్‌మార్ 1884లో చూపించాడు. 1872–76 మధ్య సముద్ర పరిశోధనకు వెళ్లిన చాలెంజర్ నౌక తెచ్చిన 77 నీటి నమూనాలను విశ్లేషిస్తే, ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ప్రధాన లవణాల పాళ్లు దాదాపు ఒకేలా ఉన్నాయి. మహాసముద్రానికి చెల్లే ఆ సూత్రం చిన్న తొట్టికి చెల్లదు. పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి కాల్షియాన్నీ కార్బొనేట్‌నూ లాగేస్తుంటే పాళ్లు చెదిరిపోతాయి. లీటరుకు 420 మిల్లీగ్రాములున్న కాల్షియం 350కి పడిపోయినా రిఫ్రాక్టోమీటర్ గీత కంటికి తెలిసేంత కదలదు. చేపల ప్రాణం తీసే అమ్మోనియా చేరినా అంతే.

కాబట్టి కొత్తగా తొట్టి పెట్టేవాళ్లు రిఫ్రాక్టోమీటర్‌తో పాటే ప్రమాణ ద్రావణం సీసా కొనండి. మొదటి వారాల్లో అమ్మోనియా, నైట్రైట్ కిట్లు, పగడాలు వేశాక ఆల్కలినిటీ, కాల్షియం కిట్లు దగ్గర పెట్టుకోండి. ఆ గొట్టం ఉప్పెంతో చెబుతుంది. ఆ ఉప్పులో ఏముందో చెప్పాల్సింది కిట్లే.