రంగు మారే రాయి, మారిన దీపాలు

రంగు మారే రాయి కొనబోయేవాళ్లు ఇప్పుడు చేసే పరీక్ష ఒకటే. సెల్‌ఫోన్‌లో టార్చి వెలిగించి రాయి మీద వేస్తారు. పగలు పచ్చగా ఉన్న అలెగ్జాండ్రైట్ ఎర్రబడాలి కదా? ఎర్రబడదు. నకిలీ అని పక్కన పెట్టేస్తారు. ఆ రాయి అసలుదే కావచ్చు. తప్పు టార్చిది.

అలెగ్జాండ్రైట్ అంటే క్రోమియం కలిసిన క్రైసోబెరిల్. బెరీలియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన ఈ ఖనిజంలో కొన్ని అల్యూమినియం పరమాణువుల చోట క్రోమియం చేరుతుంది. కెంపుకు ఎరుపునిచ్చేదీ క్రోమియమే, మరకత పచ్చలో పచ్చదనానికి కారణమూ చాలావరకు అదే. ఒకే మూలకం ఒకచోట ఎరుపు, మరోచోట పచ్చ ఎలా అవుతుంది? చుట్టూ ఉన్న ఆక్సిజన్ పరమాణువులు దాన్ని ఎంత గట్టిగా ప్రభావితం చేస్తున్నాయన్న దాన్ని బట్టి అది మింగేసే కాంతి మారుతుంది. కెంపులో ఆ మింగుడు సుమారు 550 నానోమీటర్ల దగ్గర, అంటే పచ్చరంగు మీద పడుతుంది. మిగిలేది ఎరుపు. మరకతంలో 600 దగ్గరకు జరిగి నారింజ, ఎరుపుల్లో చాలా భాగాన్ని తీసేస్తుంది. అలెగ్జాండ్రైట్‌లో అది ఈ రెంటికీ నడుమ, 570–580 ప్రాంతంలో పసుపును మింగుతుంది. దానికి ఇటు నీలి పచ్చ, అటు ఎరుపు దాదాపు సమానంగా బయటికి వస్తాయి.

ఇక తీర్పు వెలుగుదే. పగటి వెలుతురులో నీలం, పచ్చ పాళ్లు ఎక్కువ. పైగా మన కన్ను పచ్చరంగునే బాగా పట్టుకుంటుంది. అందుకని రాయి పచ్చగా కనిపిస్తుంది. కొవ్వొత్తిలోనూ పాత ఫిలమెంటు బల్బులోనూ ఎరుపు వైపుకు పోయేకొద్దీ కాంతి పెరుగుతుంది, రాయి ఎర్రబడుతుంది. మామూలు వస్తువుల విషయంలో ఈ తేడాను మెదడు సర్దేస్తుంది. దీపం కింద కూడా తమలపాకు మనకు పచ్చగానే తోస్తుంది. రెండు రంగుల మధ్య ఇలా తూగే రాయి దగ్గర మాత్రం ఆ సర్దుబాటు చాలదు.

ఈ రాయి 1830ల్లో రష్యాలోని ఉరల్ కొండల్లో, మరకతాల గనుల్లో బయటపడింది. తర్వాత జార్ రెండో అలెగ్జాండర్ అయిన యువరాజు పేరు పెట్టారు. సరిగ్గా ఆయన పుట్టినరోజునే దొరికిందన్న కథను నమ్మాల్సిన పనిలేదు. ఆ కాలంలో రాత్రి వెలుగంటే కొవ్వొత్తులూ నూనె దీపాలే. ఈ రాయికి అంతకంటే అనుకూలమైన వెలుగు లేదు.

ఇప్పటి ఎల్ఈడీ కథ వేరు. నీలి కాంతినిచ్చే చిప్పు మీద పసుపు కాంతినిచ్చే పూత పూసి తెల్లని వెలుగు పుట్టిస్తారు. అందులో నీలం దండిగా ఉంటుంది, 650 నానోమీటర్లు దాటిన ముదురు ఎరుపు నామమాత్రం. లేని ఎరుపును రాయి ఎక్కడి నుంచి తెస్తుంది? పెట్టె మీద ‘వార్మ్ వైట్’ అని రాసి ఉన్న చవక బల్బుల్లోనూ ముదురు ఎరుపు తక్కువే. కాబట్టి పగలు నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర ఒకసారి, తలుపులు మూసిన చీకటి గదిలో కొవ్వొత్తి దగ్గర ఒకసారి చూడాలి. రెండుసార్లూ రాయిని ఒకే వైపు నుంచి చూడటం ముఖ్యం. అలెగ్జాండ్రైట్‌ను తిప్పి చూస్తే దిక్కును బట్టి కూడా రంగు మారుతుంది. అండలూసైట్ అయితే వెలుగు మార్చకపోయినా తిప్పితే చాలు, పచ్చ నుంచి ఎర్ర గోధుమకు తిరుగుతుంది. అది వేరే గుణం.

సరే, రంగు మారింది. అయినా అది అలెగ్జాండ్రైట్ అని తేలలేదు! ఆ పేరుతో తరాలుగా అమ్ముడవుతున్న రాళ్లలో చాలావరకు వెనేడియం కలిపి కొలిమి మంటలో కరిగించి చేసిన కృత్రిమ కురువిందం. పగలు బూడిద కలిసిన నీలం, బల్బు కింద ఊదా. దాని వక్రీభవన గుణకం 1.76–1.77, అలెగ్జాండ్రైట్‌ది 1.74–1.76. తేడా కొంచెమే కానీ రిఫ్రాక్టోమీటర్ పట్టేస్తుంది. స్పెక్ట్రోస్కోపులో 475 దగ్గర సన్నని గీత, భూతద్దంలో వంపు తిరిగిన చారలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. రంగు మారే గార్నెట్‌ను, కాంతిని రెండు గళ్లుగా విడదీసి చూపే డైక్రోస్కోపులో పెడితే రెండింటిలోనూ ఒకే రంగు, అలెగ్జాండ్రైట్ అయితే వేర్వేరు రంగులు. మరో నకిలీ అయిన నియోడిమియం గాజు లేత ఊదాగా ఉండి ట్యూబులైటు కింద నీలానికి తిరుగుతుంది.

చిక్కంతా ప్రయోగశాలలో పెంచిన అలెగ్జాండ్రైట్‌తోనే. రసాయనం అదే, గుణకం అదే, రంగు మార్పు సహజమైన వాటికంటే అందంగా కూడా ఉంటుంది. చర్మ వైద్యుల క్లినిక్కుల్లో వెంట్రుకలు తీసే ఒక రకం లేజర్‌లో ఉండేది ఇలా పెంచిన స్ఫటికమే. దాని కాంతి 755 నానోమీటర్లు. రాయి సహజమైనదో పెంచినదో తేల్చడానికి లోపలి మచ్చలే సాక్ష్యం. నేలలో పుట్టిన రాయిలో ఇతర ఖనిజాల రేణువులు, ద్రవం నిండిన సన్నని పొరలు ఉంటాయి. పెంచిన దానిలో ఆ పెంచిన పద్ధతి జాడలుంటాయి.

నర్సీపట్నం పరిసరాల్లో, విశాఖ మన్యంలో క్రైసోబెరిల్ జాతి వైఢూర్యాలతో పాటు అలెగ్జాండ్రైట్ కూడా దొరుకుతుంది. అనుమతి లేని ‘రంగురాళ్ల’ తవ్వకాల వార్తలు అక్కడి నుంచి తరచూ వస్తుంటాయి. అక్కడి రాయే అని ఎవరైనా చేతిలో పెడితే పుట్టిన ఊరి సంగతి తర్వాత. ముందు ప్రయోగశాల నివేదికలో ‘సహజం’ అన్న మాట ఉందో లేదో చూడండి. ‘అలెగ్జాండ్రైట్’ అని మాత్రమే ఉంటే సరిపోదు.