కారు.. కారుతోందా?
పాత అంబాసిడర్లకు ఎండాకాలం గండం

చంద్రపూర్: పొద్దున బండి తీయగానే నేల మీద రూపాయి బిళ్లంత నల్లమరక. వారం తిరిగేసరికి అది పళ్లెమంత అవుతుంది. అంబాసిడర్ ఉన్న ఇంట్లో ఇది కొత్తేమీ కాదు. ఆయిల్ కారడం లేదంటే లోపల ఆయిల్ లేనట్టేనని పాత డ్రైవర్లు జోకు వేస్తుంటారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, మే నెలలో 46, 47 డిగ్రీలు కాసే చంద్రపూర్‌లో ఆ జోకును నమ్ముకుంటే ఇంజిన్ పట్టేస్తుంది.

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ చేసిన బండి ఇది. కోల్‌కతా పక్కన ఉత్తరపారాలో 2014 మేలో తయారీ ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే పోయింది. ముంబయిలో చివరి పద్మిని ట్యాక్సీ కూడా 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. గనుల్లో, పేపరు మిల్లులో పనికొచ్చి బల్లార్‌పూర్, రాజురా, ఘుగ్గుస్ వైపు స్థిరపడ్డ మనవాళ్లలో నాన్న కొన్న బండి అని దాచుకున్నవారికి అది ఆస్తి కాదు, అభిమానం. అమ్మబోతే తుక్కు రేటే.

ఉంచుకోవాలన్నా ఖర్చే. ఎంహెచ్-34 బండికి 15 ఏళ్లు దాటాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పదు. 600 రూపాయలున్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. అంత కట్టి తనిఖీకి తీసుకెళ్లిన బండి అక్కడే టపటపా ఆయిల్ రాలిస్తే పరువు సంగతి సరే, ఫిట్‌నెస్‌కే ఎసరు.

ముందు కడిగించండి

చాలామంది చేసే పొరపాటు.. తడి ఎక్కడ కనిపిస్తే అక్కడి ప్యాకింగ్ మార్పించడం. బండి నడుస్తుంటే గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది. ముందు టైమింగ్ కవర్ దగ్గర కారింది వెనక చాంబర్ కింద తేలుతుంది. పైగా ఇక్కడి బొగ్గు దుమ్ము. ఆయిల్ మీద పడి తారులా గడ్డకట్టి, అసలు చోటు కనిపించనివ్వదు. ఇంజిన్ చల్లారాక కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో బ్రష్ పెట్టి కడిగించి, బాగా ఆరనివ్వాలి. తర్వాత ముఖానికి రాసే పౌడరు చల్లి కాస్త దూరం తిప్పితే, తడి మొదలైన చోట గీత పడుతుంది. రాత్రికి బండి కింద పాత పేపరు పరిస్తే ఏ వైపు కారుతోందో తెల్లారేసరికి తెలుస్తుంది. చిక్కగా ఉండి గంధకం వాసన కొడితే గేర్ ఆయిల్. పల్చగా, జారుడుగా ఉంటే బ్రేక్ ఆయిల్ కావచ్చు. అప్పుడు బండి కదపకూడదు.

ఊపిరాడక కక్కుతుంది

పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో మొదట చూడాల్సింది సీళ్లు కాదు, బ్రీదర్ గొట్టం. పిస్టన్ల పక్కనుంచి కిందికి దిగిన గ్యాస్ దాని గుండానే బయటికి పోవాలి. మడ్డి, దుమ్ము చేరి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, సందు దొరికిన ప్రతిచోటా ఆయిల్‌ను తోసేస్తుంది. ఎన్ని ప్యాకింగులు మార్చినా నెలకే మళ్లీ మొదటికొస్తుంది. పైసా ఖర్చు లేని ఈ పని వదిలేసి ఇంజిన్ దింపించేవాళ్లను ఏమనాలి! బ్రీదర్ శుభ్రంగా ఉన్నా, ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ వస్తోందంటే రింగులు, బోరు అరిగినట్టు. అది పెద్ద పనే.

తర్వాత టాపెట్ కవర్. దాన్ని పట్టి ఉంచేది పైన రెండే నట్లు. కార్క్ ప్యాకింగ్ వేడికి ఎండి గిడసబారుతుంది. కారుతోంది కదా అని బలంకొద్దీ బిగిస్తే కార్క్ పిండయిపోతుంది, కవర్ వంకరపోతుంది. కొత్త ప్యాకింగ్ వేసి, అంచు తిన్నగా ఉందో లేదో చూసి, సరిపడా బిగిస్తే చాలు. మానిఫోల్డ్ కింద దాక్కున్న సైడ్ కవర్లను మాత్రం మరిచిపోవద్దు. చేయి దూరక మెకానిక్‌లు వాటిని వదిలేస్తుంటారు.

క్రాంక్ వెనక కారేదే మొండిది. ఈ ఇంజిన్‌కు అక్కడ రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ మీద కోసిన మరలాంటి గాడి తిరుగుతూ ఆయిల్‌ను లోపలికి లాక్కుంటుంది. ఇంజిన్ ఆగితే గాడీ ఆగుతుంది, రెండు చుక్కలు రాలతాయి. దానికోసం గేర్ బాక్స్ దింపించడం దండగ. కింద ఓ రేకు పళ్లెం పెట్టుకుంటే సరి. ఆయిల్ క్లచ్‌కు తగిలి జారడం మొదలైతే మాత్రం దింపాల్సిందే.

ఏమాత్రం ఉపేక్షించకూడనిది వెనక చక్రం. యాక్సిల్ సీలు పోతే గేర్ ఆయిల్ బ్రేక్ డ్రమ్ములోకి చేరుతుంది. చక్రం లోపలి అంచున తడి కనిపించినా, బ్రేకు ఒక పక్కకు లాగుతున్నా అదే రోజు విప్పించాలి. తడిసిన లైనర్లను పెట్రోల్‌తో తుడిచి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోవద్దు, కొత్తవి వేయించండి.

కొత్త కార్లకు వాడే పల్చటి ఆయిల్ వీటికి పనికిరాదు, సందుల్లోంచి ఇట్టే జారిపోతుంది. ఈ ఎండలకు 20డబ్ల్యూ-50 నప్పుతుంది. దూరం బయల్దేరే ముందు డిప్ స్టిక్ చూసి, అరలీటరు డబ్బా డిక్కీలో పెట్టుకోండి. పళ్లెంలో చేరిన నల్లటి ఆయిల్‌ను మోరీలో పారబోస్తే అది ఇరై, ఝర్‌పట్ నదుల్లోకే చేరుతుంది. డబ్బాలో పోగుచేసి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇచ్చేయండి.