మాయ యెర

దువ్వూరు ప్రాంతమున కాలువ గట్టుపై కూర్చుండి గాలము వేయు బాలురను మీరు చూచియుందురు. ముల్లునకు ఎర్రను గ్రుచ్చి, నీట విడిచి, బెండు మునుగువరకు వేచియుండుటయే వారి పని. చేప యెర కడకు రావలయునే గాని యెర చేప కడకు పోదు. ఉప్పునీటి సరస్సులలో ఇందుకు విరుద్ధమైన వేట యొకటి కలదు. అందు ఎర్ర లేదు, బెండు లేదు. కొయ్యతోనో ప్లాస్టిక్కుతోనో చేసి రంగులు పూసిన బొమ్మ చేపయే యెర. దానిని దూరముగ విసరి, దారము చుట్టుచు, బ్రతికిన చేపవలె ఈదింపవలెను.

ఇట్టి వేటకు తగిన నీరు కడప సీమలో లేదు. ఇచటి వాననీరు కుందూనదిలో పడి, పెన్నలో కలిసి, నెల్లూరు దాటి సముద్రమును చేరును. అటనుండి తీరము వెంబడి దక్షిణముగ పోయినచో పులికాట్ సరస్సు కనబడును. సముద్రమునకును దానికిని నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగ నున్నది. మన దేశమున ఇట్టి సరస్సులలో ఒడిశాలోని చిలక తరువాత ఇదియే పెద్దది. విశాలమే గాని లోతు లేదు. చాలచోట్ల నడుము దాటదు.

వేసవిలో నీరు ఇగిరి, కొన్నిచోట్ల సముద్రముకంటె ఉప్పనగును. సముద్రముతో కలుపు మొగలు ఇసుకతో పూడుకొనును. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు వానలు కురియగా స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు మంచినీరు తెచ్చును. నిండిన నీరు ఇసుకమేటను త్రోసికొని సముద్రమునకు దారి చేసికొనును. ఆ దారినే పోటునీటితో రొయ్యపిల్లలు, కత్తిపరిగలు లోనికి వచ్చును. వానికొరకు పండుగప్ప పొంచియుండును.

ఆస్ట్రేలియాలో బారముండి యనునది ఈ చేపయే. అచ్చట మాయ యెరతో దీనిని పట్టుట మిక్కిలి ప్రసిద్ధము. ఇది తరిమి పట్టునది కాదు, మాటువేసి మ్రింగునది. పాటు వేళ, అనగా నీరు వెనుకకు తీయునపుడు, చిన్న పాయలనుండి కొట్టుకొనివచ్చు చేపపిల్లలకై పాయ నోటనే నిలుచును. కావున వేటగాడు బొమ్మను ప్రవాహమునకు ఎగువన విసరి, దానితోపాటు దిగువకు రానీయవలెను. రెండు చుట్లు చుట్టి, క్షణము ఆపవలెను. అలసిన చేపవలె అది తూలినపుడే పండుగప్ప నోరు తెరచి నీటితో సహా పీల్చుకొనును. వరదనీరు మురికిగా నున్నప్పుడు బొమ్మ కనబడునా యని మీరు అడుగవచ్చును. చేపకు ప్రక్కలందు పొడవుగా నొక గీత యుండును. నీటి కదలికను అది దానితో గ్రహించును. అందుచేతనే బొమ్మ మూతి క్రింద చిన్న రేకు అమర్తురు. లాగినపుడు నీరు ఆ రేకునకు తాకి బొమ్మను క్రిందికి ముంచుచు, ఇటునటు ఊగించును. ఇంత చేసియు తరచుగ రిక్తహస్తములతోనే తిరిగి రావలసియుండును. పండుగప్ప మొప్పల అంచు కత్తివంటిది, దారము పుటుక్కున తెగును.

పులికాట్ జాలరులకు ఇది వినోదము కాదు. వారి జీవనము వలలపైననే. సరస్సు దక్షిణభాగమున ఏ తావున ఎవరు వల వేయవలయునో చీట్లు వేసి నిర్ణయించుకొను పాత యాచారము కలదు. దానిని పాడు అందురు.

పండుగప్పలో ఇంకొక వింత కలదు. ఇది మొదట మగదై, పెరిగిన కొన్నేండ్లకు ఆడదగును. పెద్ద చేపలన్నియు తల్లులే యన్నమాట. అవి గ్రుడ్లు పెట్టుటకు ఉప్పదనము హెచ్చుగానుండు మొగల కడకు పోవలెను. పిల్లలు అచటినుండియే లోనికి రావలెను. వాన తప్పిన యేట మొగ తెరచుకొనదు. అట్టి యేడుల గాలము విసరువాడు ఇంటికి పోవును. జాలరులు మాత్రము ఇసుక త్రవ్వించి మొగ తెరిపింపుమని ప్రభుత్వమునకు అర్జీలు పెట్టుకొనుచు, ఆకాశమువంక చూచుచుందురు.