హైస్కూలు పిమ్మటి చదువు – దాని వ్యయము

కిష్టారెడ్డిపేట ప్రాంతమున ఒకసారి అమ్మిన పొలమును మరల కొనుట దుస్సాధ్యము. కావున బిడ్డల పై చదువునకై పొలము అమ్మదలచిన రైతు సోదరులు ముందుగా అన్ని సంవత్సరముల లెక్కయు వ్రాసికొనవలెనని మనవి చేయుచున్నాము.

ఇంటర్మీడియెటు 2, ఇంజనీరింగు 4, వెరసి 6 సంవత్సరములు. పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్కునందు 3 సంవత్సరములు చదివి, పిదప ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరినను ఆ 6 సంవత్సరములే పట్టును. అయితే 3 సంవత్సరములకే డిప్లొమా చేతికి వచ్చును. ఇంటి పరిస్థితి అనుకూలింపనిచో బాలుడైనను బాలికయైనను పటాన్‌చెరు కర్మాగారములందు పని వెదకుకొనవచ్చును.

విద్యాఋణము రు. 4 లక్షల వరకు బ్యాంకువారు తనఖా అడుగరాదు. చదువు ముగిసిన యేడాదికి వాయిదాలు మొదలగును. వడ్డీ మాత్రము అప్పు తీసికొన్ననాటినుండియే నడచును. చదువు కాలముననే నెలనెల వడ్డీ చెల్లించినచో అప్పు పెరుగదు, పొలము నిలుచును.