పాకే పాప ఉన్న ఇంట్లో ముందు చూడాల్సింది మన గ్యాడ్జెట్లనే: కెమెరా కొనే ముందు చేయాల్సిన పనులు

"బేబీ సేఫ్టీ" అని ఏ షాపింగ్ యాప్‌లో వెతికినా పై వరుసలో వచ్చేది వై-ఫై కెమెరా. దాని పక్కన ఏడుపు గుర్తుపట్టే మానిటర్, ఆ పక్కన యాప్‌తో కనెక్ట్ అయ్యే థర్మామీటర్. నెల రోజులుగా వీటిలో కొన్ని వాడి చూశాక నేను తేల్చుకున్నది ఒక్కటే. పాకే బిడ్డ ఉన్న ఇంటికి కొత్త గ్యాడ్జెట్ కొనడం కంటే, ఇంట్లో ఇప్పటికే ఉన్న గ్యాడ్జెట్ల పని పట్టడం ముఖ్యం. కెమెరా ప్రమాదాన్ని చూపిస్తుంది, ఆపదు.

ఈ పని నా మీద ఎందుకు పడిందంటే, మా చెల్లి తన 8 నెలల పాపతో పుట్టింటికి వచ్చింది. ఇల్లంతా రివ్యూకి వచ్చిన ఫోన్లు, ఇయర్‌బడ్స్, చార్జర్లు. "అన్నయ్యా, నీ గది తలుపేస్తే సరిపోదు, హాల్లో ఉన్నదీ నీ సామానే" అని చెల్లి ఫోన్‌లోనే చెప్పింది. అమ్మది ఇంకో వాదన: "మీరిద్దరూ ఈ ఇంట్లోనే పాకారు కదరా, ఏమైంది?" అమ్మ అడిగినదాంట్లో న్యాయం ఉంది. కాకపోతే మేం పాకిన రోజుల్లో ఈ హాల్లో ఉన్నది ఒక టీవీ, ఒక ఫ్యాను, అల్మరా మీద ఒక రేడియో. ఇప్పుడు నేల నుంచి రెండడుగుల ఎత్తులోపే కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేవి 23 ఉన్నాయి.

లెక్క తేల్చడానికి నేల మీద బోర్లా పడుకుని, మోచేతుల మీద గది గదీ తిరిగాను. అమ్మ నవ్వింది కానీ పద్ధతి మాత్రం ఇదే. నిలబడి చూస్తే టీపాయ్ మీద వస్తువులు కనిపిస్తాయి. పాకుతూ చూస్తే సోఫా కింద దొర్లిన బ్యాటరీ, మంచం వెనక ఎక్స్‌టెన్షన్ బాక్సు, టీవీ స్టాండు వెనక వైర్ల చిక్కు కనిపిస్తాయి. అన్నీ రాసుకుని, ఏది ఎక్కువ హాని చేస్తుందో ఆ వరుసలో పెట్టుకున్నాం. ఆ వరుసలోనే చెప్తున్నా.

1. బటన్ బ్యాటరీలు

జాబితాలో మొదటి స్థానం దీనిదే. రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 లాంటి లిథియం సెల్. వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2, వోల్టేజ్ 3. మిలమిలా మెరుస్తుంది, పాప నోట్లో పెట్టుకోకుండా ఉండదు.

చిన్న పిల్లల అన్నవాహికలో ఇది సరిగ్గా ఇరుక్కునే సైజు. ఇరుక్కున్నాక లీక్ అవ్వాల్సిన పని కూడా లేదు. చుట్టూ ఉన్న తడి కణజాలమే రెండు ధ్రువాల మధ్య వైరులా పనిచేస్తుంది, సర్క్యూట్ పూర్తవుతుంది, నెగటివ్ వైపు ఘాటైన క్షారం తయారవుతుంది. 2 గంటల్లోపే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. అన్నవాహికకు చిల్లు పడిన కేసులు, ప్రాణం పోయిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. రిమోట్‌ని నడపలేనంత అయిపోయిన సెల్‌లో కూడా ఈ హానికి సరిపడా చార్జ్ మిగిలే ఉంటుంది. అందుకే "పాతదే కదా, ఆడుకోనీ" అనడానికి లేదు.

ఈ ప్రమాదం వల్లే ఆస్ట్రేలియాలో 2022 జూన్ నుంచి బటన్ బ్యాటరీలకు, అవి వాడే వస్తువులకు తప్పనిసరి ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. అదే ఏడాది అమెరికాలో రీస్ చట్టం వచ్చింది. రెండు చోట్లా అసలు ఉద్దేశం ఒకటే: బ్యాటరీ మూత పిల్లల చేతికి ఊడిరాకూడదు.

మన ఇళ్లలో ఇవి ఎక్కడుంటాయో చూడండి. ఎల్‌ఈడీ స్ట్రిప్ లైట్‌తో వచ్చే పల్చటి రిమోట్, కారు తాళం, డిజిటల్ థర్మామీటర్, నాన్న షుగర్ మిషన్, కొన్ని వంటింటి తూకాలు, దీపావళికి కొన్న ప్లాస్టిక్ ఎల్‌ఈడీ దీపాలు, పాట పాడే బొమ్మలు, బ్లూటూత్ ట్రాకర్లు. యాపిల్ ఎయిర్‌ట్యాగ్‌లో కూడా సీఆర్2032 ఉంటుంది. మూతను నొక్కి తిప్పితే స్క్రూడ్రైవర్ లేకుండానే తెరుచుకుంటుంది.

మేం చేసింది ఇదీ. మూతకు స్క్రూ ఉన్నవి బిగించాం. స్క్రూ లేనివన్నీ ఒక డబ్బాలో వేసి బీరువా పై అరలో పెట్టాం. వాటిని టేపుతో చుట్టి వదిలేయడం కుదరదు, పాకే వయసు పిల్లలు టేపు ఊడదీస్తారు, నములుతారు. వాడేసిన సెల్స్‌కి రెండు వైపులా టేపు అంటించి ఈ-వేస్ట్ సంచిలో వేశాం. స్పేర్ సెల్స్ ప్యాకెట్ మాత్రం ఎప్పుడూ పై అరలోనే.

మింగిందేమో అని అనుమానం వచ్చినా ఆగొద్దు. "విరేచనంలో వచ్చేస్తుందిలే" అని చూడొద్దు, వాంతి చేయించొద్దు, తినడానికి తాగడానికి ఏమీ పెట్టొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా ఎక్స్‌రే, ఎండోస్కోపీ ఉన్న పెద్దాస్పత్రికి నేరుగా వెళ్లండి. "బటన్ బ్యాటరీ మింగి ఉండొచ్చు" అని వెళ్లగానే చెప్పండి. ఎక్స్‌రేలో ఇది నాణెంలాగే కనిపిస్తుంది, అంచున రెండు వలయాలు ఉన్నాయేమో చూసి డాక్టర్లు తేడా పట్టుకుంటారు. ప్యాకెట్ గానీ అలాంటి ఇంకో సెల్ గానీ ఉంటే వెంట తీసుకెళ్లండి. చొంగ ఎక్కువ కారడం, పాలు తాగకపోవడం, దగ్గు... ఇవన్నీ మామూలు జలుబులాగే ఉంటాయి, ఒక్కోసారి ఏ లక్షణమూ ఉండదు. ముక్కులో, చెవిలో దూర్చుకున్నా ఇంతే అత్యవసరం.

దారిలో తేనె పట్టమని అమెరికాలో ఒక సూచన ఉంది, కానీ అది ఏడాది దాటిన పిల్లలకు మాత్రమే. ఏడాది లోపు పిల్లలకు బొటులిజం ప్రమాదం ఉంది కాబట్టి తేనె ఏ కారణంతోనూ నాకించకూడదు. పాకే పిల్లల్లో ఎక్కువమంది ఏడాది లోపువాళ్లే. తేనె సీసా వెతకడం మానేసి బయల్దేరండి.

2. నేల మీదున్న కరెంటు

మన సాకెట్లలో ఉండేది 230 వోల్టులు. కొత్త మాడ్యులర్ బోర్డుల్లో చాలావాటికి లోపల షట్టర్ ఉంటుంది, ఒక రంధ్రంలో పుల్ల పెడితే తెరుచుకోదు. పాత బోర్డులకు, చవక ఎక్స్‌టెన్షన్ బాక్సులకు అది ఉండకపోవచ్చు. కాబట్టి ముందు ఎక్స్‌టెన్షన్ బాక్సుల్ని నేల మీంచి తీసేయండి. టేబుల్ అడుగున స్క్రూలతో బిగిస్తే వైరూ కనిపించదు. సాకెట్లలో గుచ్చే ప్లాస్టిక్ మూతలు కొన్నాం. వదులుగా ఉన్నవి పాప చేతికే ఊడొచ్చేలా ఉన్నాయి, అప్పుడు అవే నోట్లోకి వెళ్తాయి. గట్టిగా పట్టినవి మాత్రమే ఉంచాం.

అన్నిటికంటే విలువైన ఖర్చు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ. ఎక్కడైనా కరెంటు ఒంటి మీదుగా భూమిలోకి లీక్ అయితే కన్ను మూసి తెరిచేలోపు లైన్ కట్ చేస్తుంది. మామూలు ఎంసీబీ ఈ పని చేయదు. ఆర్‌సీసీబీకీ ఒక హద్దు ఉంది. ఒకే సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి తాకితే అది లీకేజీగా లెక్కకు రాదు, ట్రిప్ కాదు. అది ఉంది కదా అని మిగతావి వదిలేయొద్దు. దాని మీదున్న టెస్ట్ బటన్‌ని నెలకోసారి నొక్కి చూడండి.

ఇన్వర్టర్ సంగతి చాలా బేబీ సేఫ్టీ జాబితాల్లో కనిపించదు, ఎందుకంటే అవి ఇన్వర్టర్లు లేని దేశాల్లో రాసినవి. మన ఇంట్లో మాత్రం హాలు మూలన, ట్రాలీ మీద, సరిగ్గా పాకే ఎత్తులో ఉంటుంది. ట్యూబులర్ బ్యాటరీలో ఉన్నది సల్ఫ్యూరిక్ యాసిడ్. పైన ఊడదీయగలిగే మూతలు, పక్కన టెర్మినల్స్. దాని చుట్టూ గ్రిల్ లాంటి అడ్డం పెట్టించండి. పెట్టెలో పూర్తిగా మూసేయకండి, చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడాలి. ఇంకోటి, కరెంటు పోయినప్పుడు కూడా ఇన్వర్టర్ లైన్ సాకెట్లలో ప్రాణం తీసేంత వోల్టేజ్ ఉంటుంది. "కరెంటు లేదుగా" అని పాపని బోర్డు దగ్గర వదలొద్దు. ఆ లైన్‌కి కూడా ఆర్‌సీసీబీ రక్షణ ఉందా అని ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

దోమల బ్యాట్ ఇంకోటి. చాలా ఇళ్లలో ఇది కింద సాకెట్‌కే వేలాడుతూ చార్జ్ అవుతుంది. చవక రకాల్లో లోపలి సర్క్యూట్‌కీ కరెంటుకీ మధ్య సరైన ఐసొలేషన్ ఉండదు, వల మీద కెపాసిటర్ చార్జ్ కొంతసేపు నిలుస్తుంది. ఎత్తులో మేకు కొట్టి తగిలించండి, పై బోర్డులో చార్జ్ పెట్టండి. దోమల మందు మిషన్‌ కూడా పై సాకెట్‌కే మార్చండి. ఆ సీసాలో ఉన్నది పురుగుమందు.

ఫోన్ చార్జర్ సంగతికొస్తే, కేబుల్ చివర వచ్చేది మామూలుగా 5 వోల్టులే, పాప చప్పరించినా అడాప్టర్ మంచిదైతే పెద్ద షాక్ ఉండదు. సమస్య నకిలీ అడాప్టర్లతో. లోపల ఇన్సులేషన్ తేలిపోతే ఆ చివరికి 230 వోల్టులూ రావచ్చు. ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబర్ లేని అడాప్టర్‌ని పాప ఉన్న ఇంట్లో వాడకండి. ఫోన్ తీశాక కేబుల్‌ని స్విచ్ వేసి వదలకండి.

3. లాగితే మీద పడేవి

పాకే పిల్లకి వేలాడే ప్రతి వైరూ పట్టుకుని లేవడానికి ఒక ఆసరా. దాని చివర రైస్ కుక్కర్, వేడి కెటిల్, ఇస్త్రీ పెట్టె ఉంటాయి. వంటింటి గట్టు మీద వైర్లని వెనక్కి చుట్టి క్లిప్పులు పెట్టాం. టీపాయ్ మీది గుడ్డ తీసేశాం. స్టాండు మీదున్న టీవీని గోడకి బిగించాం. గోడకి బిగించడం కుదరని అద్దె ఇళ్లవాళ్లు టీవీ వెనక స్క్రూ రంధ్రాలకి యాంటీ-టిప్ పట్టీ కట్టి, బరువైన స్టాండుకి బిగించుకోవచ్చు. వాటర్ హీటర్ రాడ్ పెట్టిన బకెట్ ఉన్నప్పుడు బాత్రూమ్ తలుపు గడియ వేసి ఉండాల్సిందే. రాడ్ తీసేశాక కూడా బకెట్ ఖాళీ చేయండి. తల కిందులుగా పడితే రెండంగుళాల నీళ్లు చాలు.

4. మన చేతిసంచీలో చిన్న ముక్కలు

ఇయర్‌బడ్స్ సిలికాన్ టిప్స్, మైక్రో ఎస్‌డీ కార్డు, సిమ్ ట్రే పిన్ను. బొమ్మల పరీక్షల్లో వాడే గొట్టం వ్యాసం దాదాపు 32 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే వస్తువుని మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని లెక్క. మన 10 రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు. దానికంటే కొంచెం పెద్దదాని వరకూ అన్నీ ప్రమాదమే అనుకోండి. చిన్న అయస్కాంతాలు మరీ ముఖ్యం. రెండు మింగితే పేగుల గోడల్ని మధ్యలో పెట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇదీ ఆస్పత్రి కేసే.

5. ఇక కెమెరా

పనికిరాదని కాదు. పాప నిద్రపోతున్నప్పుడు చెల్లి వంటింట్లోంచి చూసుకోవడానికి ఒకటి పెట్టాం, బాగా పనికొచ్చింది. పాకుతున్నప్పుడు మాత్రం అది దేనికీ అక్కరకు రాదు. మోషన్ అలర్ట్ వచ్చి, ఫోన్ తీసి, యాప్ తెరిచేసరికి నోట్లో పెట్టాల్సింది పెట్టేసి ఉంటుంది.

కొంటే మూడు పనులు చేయండి. కెమెరానీ దాని వైరునీ ఉయ్యాలకి కనీసం మూడడుగుల దూరంలో పెట్టండి, వైరు మెడకి చుట్టుకోవచ్చు. వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్, టూ-ఫ్యాక్టర్ లాగిన్ పెట్టండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఆపిన పాత మోడల్ చవగ్గా వచ్చినా వదిలేయండి, అది మీ పడకగదిలో ఉండే కెమెరా.

డబ్బు ఏ వరుసలో పెట్టాలి

ముందు రూపాయి ఖర్చు లేనివి: బటన్ బ్యాటరీలు పైకి, ఎక్స్‌టెన్షన్ బాక్సులు పైకి, దోమల బ్యాట్ పైకి. తర్వాత వైరు క్లిప్పులు, టీవీ పట్టీ, కొన్ని వందల్లో అయిపోతాయి. ఆ తర్వాత ఆర్‌సీసీబీ, ఎలక్ట్రీషియన్ కూలి కాకుండా 2 వేల చుట్టుపక్కల. మెట్లు గానీ వంటింటికి తలుపు లేకపోవడం గానీ ఉంటే సేఫ్టీ గేటు. చివర్లో, ఇంకా బడ్జెట్ మిగిలితే, కెమెరా.

ఇది ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు. ఈ రోజు పాకే పాప ఇంకో రెండు నెలల్లో సోఫా పట్టుకుని లేస్తుంది, చెయ్యి అడుగు పైకి వెళ్తుంది. మేం రెండు వారాలకోసారి మళ్లీ నేల మీద తిరుగుతున్నాం, ఇప్పుడు అమ్మ కూడా చీపురు పట్టుకున్నప్పుడల్లా సోఫా కింద చూస్తోంది. మొన్న ఒక సెల్ దొరికితే ఏమీ అనకుండా తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇంకో మార్పు మీకూ కనిపిస్తుంది. ఇకపై నేను రాసే ప్రతి రివ్యూలో, బ్యాటరీ లైఫ్ పక్కనే ఒక లైన్ ఉంటుంది: ఇందులో బటన్ సెల్ ఉందా, ఉంటే మూతకి స్క్రూ ఉందా లేదా.