పెద్దవారిలో దిగులు – థైరాయిడ్ పరీక్ష ఎందుకు?

"నాన్నగారు ఎవరితోనూ మాట్లాడటం లేదు సిస్టర్, ముసలితనం కదా" అంటూ చాలా కుటుంబాలవారు మా వద్దకు వస్తుంటారు. ముసలితనం ఒక్కటే మనిషిని అలా మార్చదు. దిగులు, నిద్రలేమి, ఆకలి మందగించడం, ఆరాధనకు గానీ బంధువుల ఇంటికి గానీ వెళ్ళడానికి ఇష్టపడకపోవడం రెండు వారాలకు మించి ఉంటే డిప్రెషన్ అనే జబ్బేమోనని అనుమానించాలి.

ఇటువంటివారికి డాక్టరుగారు రక్తపరీక్షలు కూడా రాస్తారు. "మనసు బాగోలేకపోతే రక్తం తీయడమెందుకు?" అని కొందరు విసుక్కుంటారు. గొంతు ముందుభాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను తగ్గితే శరీరంతో పాటు మెదడు పని కూడా మందగిస్తుంది. మలబద్ధకం, చలికి ఓర్వలేకపోవడం, చర్మం పొడిబారడం, గొంతు బొంగురుపోవడం, మతిమరుపు, వాటితో పాటే దిగులు. ఇవన్నీ ఇంట్లోవారు వయసు మీదికి నెట్టేస్తారు. విచిత్రమేమంటే, ఈ హార్మోను ఎక్కువైనా కొందరు వృద్ధులు నీరసంగా, ముభావంగానే ఉంటారు. మనిషిని చూసి తేల్చడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే. అందుకే టి.ఎస్.హెచ్. పరీక్ష. దీని లెక్క తలకిందులు: సాధారణంగా థైరాయిడ్ హార్మోను తగ్గితే టి.ఎస్.హెచ్. పెరుగుతుంది.

నిజంగా లోపం ఉంటే మాత్ర వాడాలి. పెద్దవారికి, ముఖ్యంగా గుండెజబ్బు ఉన్నవారికి, 12.5 లేదా 25 మైక్రోగ్రాముల వంటి చిన్న మోతాదుతో మొదలుపెడతారు. మాత్ర పరగడుపున, కాఫీ టీలకు కనీసం అరగంట ముందు వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. (కాఫీతోనే మింగేవారు మన ఊళ్ళో తక్కువేం కాదు!) 6 నుండి 8 వారాల తరువాత మళ్ళీ పరీక్ష చేయించాలి. వారంలోనే నాన్నగారు నవ్వాలని ఆశపడవద్దు.

అయితే టి.ఎస్.హెచ్. కాస్త పెరిగిన ప్రతి వృద్ధునికీ మాత్ర అవసరం లేదు. వయసుతో అది కొంత పెరుగుతుంది. ఐరోపాలో నాలుగు దేశాలకు చెందిన, 65 ఏళ్ళు దాటిన 737 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. స్వల్ప లోపం ఉన్నవారికి మాత్ర ఇచ్చినా అలసట వంటి బాధలు తగ్గలేదు. వారిలో కొందరిని మానసికంగా పరిశీలించి 2021లో ప్రచురించిన ఫలితాల్లో, దిగులు కూడా తగ్గలేదు. పైగా మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు బలహీనమవుతాయి. కనుక పొరుగింటివారి మాత్ర తెచ్చి వేయవద్దు.

పరీక్ష మామూలుగా వస్తే "ఏ జబ్బూ లేదు" అనుకొని ఇంటికి తీసుకుపోవద్దు. డిప్రెషన్‌కు వేరే చికిత్స ఉంది. ఆ మందులు పనిచేయడానికి పెద్దవారిలో ఎక్కువ వారాలు పట్టవచ్చు. మనిషి కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. డాక్టరుగారు చెప్పకుండా మానిపించవద్దు.

"నేను ఎందుకు బతకాలి" అని పెద్దవారు అంటే, పరీక్షల రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత ఫోను నంబరు 14416. రాత్రివేళ కూడా మాట్లాడవచ్చు.