నలభై వేలకి నట్టింట్లో బాల్కనీ టిక్కెట్టు!

హాల్లో సినిమా చూడాలంటే టిక్కెట్టు కొంటే చాలు. ప్రొజెక్టరు ఏ కంపెనీదో, తెర ఎన్ని అడుగులో మనకి అనవసరం. ఈలలు వెయ్యడం వరకే మన డ్యూటీ! కాని అదే సినిమా ఇంట్లో చూడాలనుకున్నారో, హాలు యజమానీ మీరే, ఆపరేటరూ మీరే, జేబులోంచి డబ్బు తీసే ప్రేక్షకుడూ మీరే. అందుకే పెద్ద టి.వి. కొందామని షోరూములో అడుగుపెట్టిన కుర్రాళ్ళు గోడనిండా ధగధగలాడే తెరల్ని చూసి, మొదటి షాట్‌కి కెమెరా ముందు నిలబడ్డ కొత్త హీరోలా తెల్లమొహం వేస్తారు. సేల్స్‌మన్ ఆ మొహం చూసే రేటు చెప్తాడు!

ఒక్క మాట ముందే చెప్పేస్తున్నాం. లక్షలు పోసి గోడంత తెర కొనే పెద్దబాబుల కోసం కాదీ వ్యాసం. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే, చిట్టీ పాడుకునో బోనసు దాచుకునో ఓ నలభై వేలు కూడబెట్టి, "అమ్మానాన్నలకి పెద్ద టి.వి. కొనిద్దాం" అనుకునే మీలాంటివాళ్ళ కోసం. ఆ డబ్బు ఒకసారి పోయిందా, మళ్ళీ ఏడెనిమిదేళ్ళ దాకా ఇంట్లో ఎవరూ టి.వి. ఊసెత్తరు. అంచేత రెండో టేకు లేదు!

ఆ నల్ల పట్టీల గొడవేమిటి?

1974లో కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగువాళ్ళకి సినిమాస్కోప్ చూపించాడు. 1986లో ‘సింహాసనం’తో 70 ఎం.ఎం. కూడా చూపించాడు. అప్పట్నించీ మన తెర అడ్డంగా సాగుతూనే వుంది. ఇవాళ మన భారీ చిత్రాలు చాలా మటుకు స్కోప్‌వే. అంటే బొమ్మ ఎత్తు ఒక పాలైతే వెడల్పు దాదాపు 2.39 పాళ్ళు. టి.వి. తెరేమో 16కి 9, అంటే ఒకటికి 1.78. ఈ రెండు జాతకాలూ కలవవు కాబట్టే పైనా కిందా నల్ల పట్టీలు.

ఇప్పుడు టేపు పట్టుకుని లెక్క చూద్దాం. 55 అంగుళాలంటే మూల నించి మూలకి కొలత. ఆ తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు, ఎత్తు 68 పైచిలుకు. అందులో స్కోప్ సినిమా వేస్తే బొమ్మ ఎత్తు 51 సెంటీమీటర్లే. తెరలో పావు వంతు నలుపు! అదే 43 అంగుళాల టి.వి. అయితే బొమ్మ ఎత్తు 40కి దిగుతుంది. వెనకటి 21 అంగుళాల డబ్బా టి.వి.లో ఇదే స్కోప్ బొమ్మ 17 సెంటీమీటర్లుండేది. జానెడు కూడా లేదన్నమాట! ఆ జానెడు తెరలోనే మన నాన్నలు చూసి ఆనందించారు, అది వేరే సంగతి.

తమాషా ఏమిటంటే, 1957 నాటి ‘మాయాబజార్’ ఈ కొత్త టి.వి.లో స్కోప్ చిత్రం కంటే కాస్త ఎక్కువ చోటే ఆక్రమిస్తుంది. ఆ రోజుల బొమ్మ చదరానికి దగ్గరగా వుండేది. దానికి పట్టీలు కుడీ ఎడమా వస్తాయి, ఎత్తు మాత్రం నిండుగా వుంటుంది. (2010లో వచ్చిన రంగుల ‘మాయాబజార్’ని స్కోప్‌కి మార్చారు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.) పట్టీలు నచ్చక రిమోట్‌తో సాగదీసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి బాబూ! ఎన్.టి.రామారావు కృష్ణుడు ఘటోత్కచుడి సైజుకొచ్చేస్తాడు.

సంగతేమిటంటే, సినిమాలకోసమే టి.వి. కొనేవాళ్ళకి అంగుళాలు ముఖ్యమే. 43 నించి 55కి వెళ్తే తెర వైశాల్యం 60 శాతం పైగా పెరుగుతుంది. డబ్బు తక్కువగా వున్నప్పుడు నా ఓటు 55కే, గది ఒప్పుకుంటేనే సుమా. తెర కొలతని ఒకటిన్నర రెట్లకి కొంచెం ఎక్కువగా హెచ్చిస్తే కూర్చోవలసిన దూరం వస్తుంది. 43కి ఆరడుగుల లోపు, 55కి ఏడడుగుల చిల్లర, 65కి తొమ్మిదడుగులకి కాస్త తక్కువ. మీ సోఫాకీ గోడకీ మధ్య ఎనిమిది అడుగులుంటే 55 చక్కగా అమరుతుంది. అయిదడుగుల గదిలో 65 పెట్టారంటే, నేల క్లాసు మొదటి బెంచీలో మెడ ఎత్తి చూసిన అనుభవం రోజూ వుంటుంది.

నలుపు చూసి కొనండి, రంగు చూసి కాదు

షోరూములో అన్ని టి.వి.లూ ‘వివిడ్’ అనే మోడ్‌లో మండిపోతుంటాయి. చిలకలు, పూలు, కోసిన పండ్లు... అలాంటి బొమ్మలకి ఏ టి.వి. అయినా అందంగానే వుంటుంది. మేకప్పు వేసుకున్న మొహం చూసి పిల్లని ఖాయం చేసుకున్నట్టే!

అసలు పరీక్ష చీకటి సీనులో వుంది. సేల్స్‌మన్‌ని బతిమాలి ఆ టి.వి.లోనే యూట్యూబు పెట్టించి, రాత్రి సన్నివేశాలున్న ట్రైలరొకటి వెయ్యమనండి. ‘కె.జి.ఎఫ్.’ లాంటి బొగ్గు రంగు చిత్రమైతే మరీ మంచిది. పిక్చర్ మోడ్‌ని ‘సినిమా’కో ‘ఫిల్మ్‌మేకర్’కో మార్పించండి. ఇప్పుడు హీరోని వదిలేసి, ఇందాకటి నల్ల పట్టీలకేసి చూడండి. అవి నల్లగా వున్నాయా, బూడిద రంగులో వెలుగుతున్నాయా? పట్టీ నల్లగా లేని టి.వి.లో రాత్రీ రాత్రిలా వుండదు.

దీనికి కారణం లోపలి పానెల్. మన బడ్జెట్‌లో దొరికేవన్నీ ఎల్.సి.డి. జాతివే. అందులో రెండు శాఖలు. ఐ.పి.ఎస్. అనేదాన్ని పక్కనించి చూసినా రంగు చెడదు, కాని నలుపు పల్చన. తెలుపుకీ నలుపుకీ తేడా వెయ్యి రెట్ల దగ్గర ఆగిపోతుంది. వి.ఎ. అనేదాంట్లో ఆ తేడా మూడు వేలు, అయిదు వేల రెట్ల దాకా వుంటుంది. కాని పక్కకి కూర్చున్నవాళ్ళకి రంగులు వెలిసిపోతాయి. రాత్రి లైట్లు ఆర్పేసి ఎదురుగా కూర్చుని సినిమా చూసేవాళ్ళయితే కళ్ళు మూసుకుని వి.ఎ. తీసుకోండి. హాలు వెడల్పుగా వుండి, నాన్నగారు వాలుకుర్చీలో ఒక మూల, అమ్మ వంటింటి గుమ్మంలోంచి ఓ కన్నేసి చూసే ఇల్లయితే ఐ.పి.ఎస్. నయం. చాలా కంపెనీలు ఈ రకం పేరు డబ్బా మీద రాయవు. ఒకే మోడల్లో 43కి ఒక రకం, 55కి ఇంకో రకం వెయ్యడమూ కద్దు. అంచేత మీరు కొనబోయే సైజునే చూడాలి. ఎదురుగా నిలబడి చూసి, తర్వాత పక్కకి నాలుగడుగులు వేసి చూస్తే గుట్టు బయటపడుతుంది.

ఇక ఓ.ఎల్.ఇ.డి., క్యు.ఎల్.ఇ.డి. — ఇద్దరూ ఒకే పోలిక, డబుల్ యాక్షన్ అనుకుంటారేమో, కానే కాదు! మొదటిదాంట్లో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, నలుపు కావాలంటే పూర్తిగా ఆరిపోతుంది. అందుకే ఆ నలుపూ, ఆ ధరా. మన నలభై వేలకి అందేది కాదు. రెండోది మామూలు ఎల్.సి.డి.యే, లోపల క్వాంటం చుక్కల పొర ఒకటి అదనం. ఈ చుక్కలు కనిపెట్టి తయారుచేసే దారి చూపించినందుకే బావెండి, బ్రూస్, ఎకిమోవ్ అనే ముగ్గురికి 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. రంగులు నిజంగానే బాగుంటాయి. నలుపు మాత్రం ఈ పొర వల్ల రాదు. ఆ పేరు చూసి అయిదారు వేలు ఎక్కువ పెట్టేముందు పట్టీల పరీక్ష మరోసారి చేసి చూడండి.

డబ్బా మీద హెచ్.డి.ఆర్. అని రాసి వుంటుంది కదా, దానికీ పొంగిపోవద్దు. ఆ సంకేతం అర్థం చేసుకోవడం వేరు, ఆ వెలుగు చూపించగలగడం వేరు. చాలా చిత్రాలకి ఆ వెర్షన్‌ని 1000 నిట్‌ల వెలుగు లెక్కలో తయారుచేస్తారు. చవక టి.వి.లు 250, 300 నిట్‌ల దగ్గరే ఆయాసపడతాయి. ఒకటే మోడల్ రేటులో రెండుంటే ఎక్కువ నిట్‌లున్నది తీసుకోండి, అంతవరకే.

టామ్ క్రూజ్ చెప్పిన టి.వి. పాఠం

2018 డిసెంబరులో హాలీవుడ్ హీరో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీతో కలిసి ఓ వీడియో విడుదల చేశాడు. ఏ సినిమా ప్రచారానికో అనుకున్నారు జనం. కాదు! "మీ టి.వి.లో మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి మహాప్రభో" అని మొర. అప్పుడాయన ‘టాప్ గన్: మావెరిక్’ షూటింగులో వున్నాడు.

ఇంతకీ ఏమిటది? సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టి.వి. వాటి మధ్య తనంతట తాను కొత్త ఫ్రేములు ఊహించి ఇరికిస్తుంది. క్రికెట్‌కి బాగానే వుంటుంది. సినిమాకి వచ్చేసరికి కోట్లు పోసి తీసిన యుద్ధం కాస్తా పెళ్ళి వీడియోలా కనిపిస్తుంది. చాలామంది "కొత్త టి.వి.లో సినిమా ఏదో సీరియల్లా వుందిరా" అనేది దీని గురించే. తప్పు టి.వి.ది కాదు, సెట్టింగుది. కంపెనీకో పేరు పెట్టారు దీనికి — ఒకరు ట్రూమోషన్ అంటారు, ఇంకొకరు మోషన్‌ఫ్లో అంటారు. వెతికి ఆపెయ్యండి. 2019లో కంపెనీలూ దర్శకులూ కలిసి తెచ్చిన ఫిల్మ్‌మేకర్ మోడ్ మీ టి.వి.లో వుంటే ఒక్క మీటతో పని అయిపోతుంది.

అన్నట్టు, ‘మోషన్ రేట్ 120’, ‘240’ అని డబ్బా మీద వేసే అంకెలు పానెల్ వేగం కానక్కర్లేదు. అసలు పానెల్ 60 హెర్ట్జా, 120 హెర్ట్జా అని సూటిగా అడగండి. 120ని 24తో భాగిస్తే సరిగ్గా అయిదు, అందుకని సినిమాలో కెమెరా పక్కకి తిరిగేటప్పుడు కుదుపు తగ్గుతుంది. కాని దానికోసం అప్పు చెయ్యనక్కర్లేదు.

మాటకి మొహం వుండాలి, టి.వి.కి గొంతుండాలి

టి.వి.లు రేకులా పల్చబడ్డాక స్పీకర్లకి చోటే లేకుండా పోయింది. చాలావాటికి అవి కిందికో, గోడవైపుకో చూస్తుంటాయి. నలభై వేలలో అయిదారు వేలు పక్కన పెట్టి చిన్న సౌండ్‌బార్ కొనుక్కోవడమే తెలివి. మీ డబ్బంతా తెరకే పోసి, హీరో డైలాగు చెప్పేటప్పుడు "ఏమన్నాడ్రా?" అని అడుక్కోవడం దేనికి? సౌండ్‌బార్‌ని బ్లూటూత్‌తో కాకుండా, ఎ.ఆర్.సి. అని రాసి వున్న హెచ్.డి.ఎం.ఐ. రంధ్రంలో తీగతో కలపండి. గాలిలో కలిపితే ఒక్కోసారి పెదవి ముందు కదిలి మాట వెనక వస్తుంది, చవక డబ్బింగు బొమ్మలా!

స్మార్టు సంగతి ఎక్కువ చెప్పను. ర్యామ్ రెండు జి.బి.కి తగ్గకుండా, అసలైన లైసెన్సున్న సిస్టమ్ వుండేలా చూసుకోండి. పేరు లేని చవక టి.వి.ల్లో మామూలు ఆండ్రాయిడ్ వేసి ఇస్తారు, వాటిలో నెట్‌ఫ్లిక్స్ లాంటివి సరిగా ఆడవు. నాలుగేళ్ళకి ఈ బుర్ర ఎలాగూ మందగిస్తుంది. అప్పుడు మూడు నాలుగు వేలకి స్టిక్ కొని గుచ్చితే సరి. పానెల్ బాగాలేకపోతే గుచ్చడానికి ఏ స్టిక్కూ లేదు. కాబట్టి డబ్బు పానెల్ మీద పెట్టండి.

నెట్ బిల్లు మర్చిపోకండోయ్. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం 4కె బొమ్మ గంటకి 7 జి.బి. దాకా తాగుతుంది. మూడు గంటల మన సినిమాకి 21 జి.బి.! పైగా అక్కడ 4కె అన్నిటికంటే ఖరీదైన ప్లానులోనే దొరుకుతుంది.

రేటూ, వాయిదాలూ

2025 సెప్టెంబరు 22 నించి 32 అంగుళాలు దాటిన టి.వి.ల మీద జి.ఎస్.టి. 28 శాతం నించి 18కి దిగింది. అంటే బిల్లులో దాదాపు ఎనిమిది శాతం తగ్గాలి. "సగానికి సగం తగ్గింపు" అనే బోర్డు ఏ ధర మీద లెక్కో చూడండి. స్టిక్కరు మీది గరిష్ఠ ధరకి టి.వి. కొన్నవాడు ఈ భూమ్మీద కనపడడు. దసరాకో సంక్రాంతికో నిరుడు వచ్చిన మోడల్ మిగిలి వుంటే అడగండి. కొత్తదానికీ దానికీ చాలాసార్లు పేరులోనే తేడా.

వడ్డీ లేని వాయిదాలంటారు. కార్డు మీద తీసుకుంటే బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకి ధర ముందే తగ్గిస్తారు, ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. మటుకు మీ నెత్తినే. ప్రాసెసింగ్ ఫీజు వుంటే అదీను. రొక్కం ఇస్తే ఎంతకిస్తారో కూడా అడిగి రెండూ పక్కపక్కన రాసుకోండి. నెల జీతం పాతిక వేలైతే పన్నెండు నెలల వాయిదా ఎంత బరువో మీకు చెప్పక్కర్లేదు.

పానెల్‌కి వారంటీ ఎన్నేళ్ళో రాయించుకోండి. పగిలితే మాత్రం ఏ వారంటీ వర్తించదు. ఊరికి తీసుకెళ్ళేటప్పుడు వ్యానులో పడుకోబెట్టకండి, నిలబెట్టే తీసుకెళ్ళాలి. డబ్బా మెకానిక్ వచ్చాకే, మీ ఎదురుగానే విప్పించి, ఫోన్‌లో వీడియో తియ్యండి. తెరంతా ఎరుపు, తెలుపు, నలుపు వేసి చచ్చిన చుక్కలున్నాయేమో చూడండి. వెనక స్టిక్కరు మీద 100–240 వోల్టులని వుంటే స్టెబిలైజరు అంటగట్టనివ్వకండి. పిడుగులు పడే వూరైతే వాన రోజున ప్లగ్గూ కేబులూ పీకెయ్యడమే మందు.

గోడకి మేకు కొట్టేవాడు "ఎక్కడ పెట్టమంటారు?" అంటే అందరూ దేవుడి పటం పక్కకి చూపిస్తారు. వద్దు. సోఫాలో కూర్చుని, మీ కళ్ళ ఎత్తు తెర మధ్యకో కాస్త కిందికో వచ్చేలా పెన్సిలుతో గీత గీసి ఇవ్వండి. ఎదురుగా కిటికీ వుంటే ఒక కర్టెన్ గుడ్డ కూడా ఆ లెక్కలోనే కొనండి. ఖాళీ డబ్బాని ఓ పది రోజులు అటక మీద వుంచండి. వెనక్కి ఇవ్వాల్సి వస్తే అదే అడుగుతారు.